మానిన ముద్దకు లెక్క

కర్నూలు, నంద్యాల, కడప దిక్కు క్రైస్తవ సంఘాలకు శ్రమదినాల ముందు ఒక విన్నపం



2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న పడుతుంది. పునరుత్థాన పండుగ మార్చి 28. నడుమ ఏడు శుక్రవారాలున్నాయి. ఆ ఏడు శుక్రవారాల్లో మన గుళ్లలో ఉపవాస ప్రార్థన ముగిసినాక పెట్టే ప్రేమవిందు గురించి ఈ కాగితం.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. కరపత్రాన్ని చివరిదాకా చదివేవాళ్లు తక్కువని ముప్పై ఏండ్లు బడిలో కాగితాలు పంచిన నాకు తెలుసు. ఆ విందు వంట మానొద్దు. పొయ్యి వెలిగిద్దాం, గంగాళం ఎక్కిద్దాం, ఎప్పుడూ వండేవాళ్లే వండనీ. ఉపవాసమున్నవాళ్లం మాత్రం తినకుండా ఇంటికి పోదాం. వండింది, సుగ్గికి, అంటే కూలికి ఊరు విడిచి, పోయినవాళ్ల ఇండ్లలో మిగిలిపోయిన ముసలివాళ్లకు, పిల్లలకు చేరాలి. ఎన్ని గడపలకు చేరిందో మంచి శుక్రవారం నాడు సిలువ ధ్యానాలకు ముందు గుడిలో చదివి వినిపించాలి. ఇంతే.

ఇట్లా ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

కొన్నేండ్ల కిందట, ఆదోని అవతల ఒక పల్లెలో శ్రమదినాల శుక్రవారం ఉపవాస కూడికకు పోయినాను. ఊరి పేరు వద్దు. పొద్దున పదికి మొదలైన ప్రార్థన రెండున్నర దాకా సాగింది. బయట వేపచెట్టు కింద బగారన్నం, కోడికూర ఉడుకుతున్నాయి. ప్రసంగం చేస్తున్న అయ్యగారు కూడా ఒకటి రెండుసార్లు కిటికీ దిక్కు చూసినారు. ఆయన్ను తప్పుపట్టను, నేనూ చూసినాను కాబట్టే ఆయన చూడడం కనిపించింది. ఆమెన్ అనగానే పంక్తులు కూర్చున్నాయి. పట్నం నుంచి వచ్చిన టీచరమ్మనని నన్ను ముందు పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేసినారు. అప్పుడొచ్చింది ఒక ముసలమ్మ, సత్తు గిన్నె పట్టుకొని. వడ్డించే పిల్లోడు కసురుకోలేదు. మర్యాదగానే అన్నాడు: "అవ్వా, ఉపాసమున్నోళ్లు తిననీ. మిగిలితే పెడతాం." ఆమె "సరే నాయనా" అని గోడ వారగా కూర్చుంది.

పక్కనున్న అక్కను అడిగితే చెప్పింది. కొడుకూ కోడలూ సంక్రాంతి కాగానే గుంటూరు దిక్కు మిరపకోతలకు పోయినారు. ముసలామెకు కండ్లు సరిగా ఆనవు. పొయ్యి దగ్గర చెయ్యి కాలినప్పటి నుంచి ఇంట్లో వంట లేదు. నిన్న మధ్యాహ్నం ఎవరో జొన్నరొట్టె ఇచ్చినారంట, అంతే.

నేను ఆపొద్దు తెల్లారి కాఫీ తాగి, రెండు అరటిపండ్లు తిని ఉపవాసమున్నాను. ఆమె ఇరవై నాలుగు గంటలుగా ఏమీ తినలేదు. ఉపవాసమున్నోళ్లు తిననీ అన్న మాట ప్రకారం చూసినా ఆ పూట మొదట విస్తరి వేయాల్సింది ఆమెకే. మరి లేచి నా విస్తరి ఆమె ముందు పెట్టినానా అంటే, లేదు. సిగ్గయింది, అయినా తిన్నాను. చివర్న ఆమెకు పెట్టినారు. అప్పటికి కూర అయిపోయింది. అడుగున మాడిన అన్నం, ఇంత చారు. అది తీసుకొని ఆమె అందరికీ దండం పెట్టి పోయింది.

సుగ్గి అంటే కడప దిక్కువాళ్లలో కొందరికి తెలియకపోవచ్చు. కన్నడంలో ఆ మాటకు పంటకోతల కాలం అని అర్థం, పండుగ పేరు కూడా. మన పడమటి కర్నూలుకు వచ్చేసరికి దాని అర్థం తిరగబడింది. ఇక్కడ సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళమేసి, మూటాముల్లె సర్దుకొని, వేరేవాళ్ల పంట కోయడానికి ఊరు విడవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హాలహర్వి, హొళగుంద, దేవనకొండ మండలాల్లో చాలా ఊళ్లకు ఇది ఏటేటా ఉండేదే. తుంగభద్ర కొన్ని ఊళ్ల పక్కనుంచే పోతుంది, చేను మాత్రం వానకే నోరు తెరుస్తుంది. పత్తి చేతికొచ్చినా రాకపోయినా జనవరికి ఊళ్లో పని అయిపోతుంది. గుంటూరు, పల్నాడు మిరపచేన్లకు కొందరు, బెంగుళూరు, హైదరాబాదు కట్టుబడి పనులకు కొందరు. ఉగాదికి కొంతమంది తిరిగొస్తారు, ఎండలు ముదిరినాక మిగతావాళ్లు.

మన నలభై శ్రమదినాలు సరిగ్గా ఈ నడుమనే వస్తాయి. మన పల్లె సంఘాలు సగం ఖాళీ అయినప్పుడే మనం ఉపవాసాల తేదీలు ప్రకటిస్తాం. ఖాళీ చేసి పోయినవాళ్లు పరాయివాళ్లు కాదు, మన పుస్తకాల్లో పేర్లున్న సంఘస్తులే. మిరపచేను గట్టున పట్టల గుడిసెలో పడుకొని, తెల్లారక ముందే లేచి, ఘాటుకు మండే చేతులతో కొడుకు నోట్లో ముద్ద పెట్టే తల్లికి శ్రమదినాలు వచ్చినాయని మనం గుర్తు చేయాల్సిన పని లేదు.

కడపలో, రాయచోటిలో సుగ్గికి ఇంకో పేరుంది, కువైటు. అది నాలుగు నెలల్లో తిరిగొచ్చే సుగ్గి కాదు, నాలుగైదేండ్లది. ఇంటిపనికి పోయిన ఆడవాళ్లలో మన సంఘాల చెల్లెండ్లు ఎందరో ఉన్నారు. అక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధనలు శుక్రవారమే జరుగుతాయి. సెలవు దొరికిన ఆమె అక్కడ పాట పాడుతున్న పూటే ఇక్కడ ఆమె తల్లి ఏం తిన్నదో కనుక్కోవడం మనకు పెద్ద పనా?

ఒక పెద్దాయన నాతో అన్నాడు: "ముసలోళ్లకు పింఛను 4,000 వస్తాది కదమ్మా, స్టోరు బియ్యం వస్తాయి కదా, ఇంక ఆకలెక్కడిది?" వస్తాయి. పింఛను గడపలోకే వస్తుంది, బియ్యం తలకు నెలకు 5 కిలోలు వస్తాయి. బడి ఉన్న రోజు పిల్లలకు మధ్యాహ్న భోజనమూ ఉంది. సర్కారు సీజనల్ హాస్టలు తెరిచిన ఊళ్లో పిల్లలకు రాత్రి కూడూ దొరుకుతుంది. అవన్నీ కాదనను. కానీ నేను చూసిన ముసలమ్మ ఇంట్లో బియ్యం డబ్బా నిండే ఉంది. వండే చెయ్యి లేదు. వీధి కొళాయి నుంచి బిందె మోసుకొచ్చే నడుము లేదు. బియ్యం సంచి ఇచ్చి ఫొటో దిగి వస్తే ఆమె డబ్బా ఇంకా నిండుతుంది, అంతే. ఆమెకు కావలసింది వేడి వేడి సంగటి ముద్ద, అది తెచ్చిన మనిషి పది నిమిషాలు కూర్చొని పోవడం.

మా అవ్వ చదువుకున్నది కాదు. ఆలూరు దిక్కు పల్లె. జొన్నలు విసిరే ముందు పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేది. ఆ రోజుల్లో మన ఆడవాళ్లంతా వేసేవాళ్లే. ఆదివారం గుడికి తెచ్చి బల్ల ముందర పోస్తే ఉపదేశి ఇల్లు గడిచేది. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఈ పిడికెడు అలవాటు ఉండేది. నంద్యాల దిక్కు ఆంగ్లికన్ సంఘాలు ఒకప్పుడు దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్యగారి కింద ఉండేవి. 1912లో ఆయన బిషప్పు అయ్యేనాటికి ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన భారతీయుడు మరొకరు లేరు. మాల, మాదిగ కూలివాళ్లతో నిండిన ఆ పేద సంఘాల దగ్గర కూడా ఇచ్చే చెయ్యి ఉంటుందని, దాన్ని తీసుకునే చెయ్యిగా మాత్రమే చూడొద్దని ఆయన జీవితమంతా పట్టుబట్టినాడు. ఆ పట్టుదల మనం మరిచిపోయినామనిపిస్తుంది, ముఖ్యంగా పట్నాల్లో.

శ్రమదినాల్లో మా అవ్వ ముంత వేరే. మాంసం ఉండేది కాదు, తలలో పూలుండేవి కాదు, శుక్రవారం పొద్దుమునిగే దాకా కూడు లేదు. ఆ మిగిలిన జొన్నలు గుడికి పోయేవి కాదు. సాయంత్రం సంగటి కెలికి, ఇంత ఊరిబిండి పెట్టుకొని, పక్క గేరిలో కండ్లు లేని ఒక తాతకు తీసుకుపోయేది. ఆయన మా మతం కాదు, మా కులమూ కాదు. ఎందుకవ్వా అంటే, "నేను మానిన ముద్ద యాడికన్నా పోవాల గదా" అనేది. ఉపవాసం మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నాయని చానా ఏండ్లకు గానీ అర్థం కాలేదు.

అవ్వకు తెలియదు గానీ ఆమె చేసింది చాలా పాతకాలపు క్రైస్తవం. రెండో శతాబ్దంలో ఏథెన్సు నగరపు తత్వవేత్త అరిస్టైడిస్ రోమా చక్రవర్తికి క్రైస్తవుల తరఫున రాసుకున్న విజ్ఞప్తిలో ఈ సంగతే ఉంది: వాళ్లలో ఎవరైనా లేనివాళ్లుంటే, మిగతావాళ్ల దగ్గర పెట్టడానికి అదనంగా లేకపోతే, రెండు మూడు రోజులు పస్తులుండి ఆ తిండి వాళ్లకిస్తారని. అప్పటికి నలభై దినాల లెక్క ఇంకా కుదరలేదు. ఆ లెక్క 325లో జరిగిన నైసియా సభ నాటికి వాడుకలోకి వచ్చింది. అంటే పస్తుండి పెట్టడం ముందు పుట్టింది, పంచాంగం తరువాత వచ్చింది. బైబిల్లో శ్రమదినాలెక్కడున్నాయని అడిగే స్వతంత్ర సంఘాల తమ్ముళ్లకు కూడా ఇది చెప్పాలి. శ్రమదినాలు పాటించకపోతే పాటించకండి, ఉపవాస ప్రార్థనలు మీరూ పెడతారు కదా. యెషయా 58వ అధ్యాయం మీ బైబిల్లోనూ ఉంది. దేవుడు కోరిన ఉపవాసంలో ఆకలిగొన్నవాడి తిండి ఎక్కడొస్తుందో ఒకసారి చూడండి.

మన పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకోవడానికి నాకు సిగ్గు లేదు. 2025లో రంజాన్ ఉపవాసాలు, మన శ్రమదినాలు మూడు రోజుల తేడాతో మొదలైనాయి. కడపలో మా వీధిలో ముస్లిం ఇండ్లెక్కువ. పండుగ నమాజుకు పోయే ముందే ఫిత్రా తీసేస్తారు. ఇంట్లో ఎందరు తలలుంటే అన్ని తలలకు, చంటిబిడ్డకు కూడా, ఇంత ధాన్యం లేదా దాని ఖరీదు పేదవాళ్లకు. ఇచ్చినాకే పండుగ. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు పోయే ఊరు మాది. ఇక్కడ ఒకరి మంచి అలవాటు ఇంకొకరికి అంటడం వింత కాదు. కతోలికులకు కూడా తపస్సుకాలంలో దానధర్మం ఉపవాసంతో సమానమైన నియమం. కారితాస్ ఇండియా వాళ్లు ఏటా ఈ దినాల్లోనే ఆకలి, రోగాల మీద చందాలు ఎత్తుతారు. మన సి.ఎస్.ఐ., బాప్తిస్టు సంఘాల్లోనూ కానుక సంచి తిరుగుతుంది. అది ఎటు పోతుందో అడిగితే మాత్రం జనరల్ ఫండు అంటారు.

ఇప్పుడు అభ్యంతరాలు. నాకు వినిపించినవే రాస్తాను.

కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదు కదా, గుడిలో లెక్క చదవడమేంది అన్నారు ఒకరు. ఎవరు ఎంత ఇచ్చినారో చదవమనడం లేదు. ఇచ్చినవాళ్ల పేర్లు గానీ, తీసుకున్నవాళ్ల పేర్లు గానీ ఎక్కడా రావు. ఇన్ని గడపలు, ఇన్ని ముద్దలు, ఇన్ని వారాలు. ఆ ఒక్క వాక్యం చాలు. ఇంకో సంగతి, ఉపవాసముండేటప్పుడు తల అంటుకొని ముఖం కడుక్కోమన్న ప్రభువు మాట వినేవాళ్లం, ఉపవాస కూడిక ఫ్లెక్సీలో మన ఫొటోలు వేయించుకోవడం మానితే మరీ మంచిది. ఫ్లెక్సీ, మైకుసెట్టు, బయటినుంచి వచ్చే వక్త కారు బాడుగ కలిపితే ఒక పల్లెలో ఏడు శుక్రవారాల జొన్నలకు సరిపోతుంది. ఇది నా ఊహ కాదు, మా పాస్టరేటు కమిటీలో నేను కోశాధికారిగా ఉన్నప్పుడు కూడి చూసుకున్న లెక్క.

రెండోది బరువైన అభ్యంతరం. కూడు పెట్టి మతం మారుస్తున్నారంటారు. అంటారు, నిజమే. గోధుమరవ్వ, పాలపొడి పంచిన కాలం నుంచి ఆ ఎత్తిపొడుపు మనకు అలవాటే. దీనికి జవాబు మాటల్లో కాదు, పద్ధతిలో ఉండాలి. ధాత కరువు కాలం తలచుకోండి. 1876 నుంచి 78 దాకా కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండి పీనుగులైనాయి. కరువు పనికి పోయిన మగమనిషికి 1877లో సర్కారు అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టిన కూలి దినానికి ఒక పౌను ధాన్యం, మీద కొద్ది చిల్లర. పౌనంటే అరకిలోకు తక్కువ. అది ప్రాణం నిలబెట్టడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ ప్రభుత్వంతోనే వాదించినాడు. ఆ రోజుల్లో ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు క్లౌ దొర ఉండేవాడు. మన కంభం, మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనివి, ఆయన తిరిగిన పల్లెలు అటూ ఉన్నాయి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు పట్టి వేలమందికి పని చూపించినాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడితే, కరువు ఉన్నన్నాళ్లు ఒక్కరికీ ఇవ్వనని ఆపేసినాడు. ఆకలి కోసం వచ్చినారన్న మాట వాళ్ల మీద పడకూడదని. సాయం పంపిణీ ముగిసినాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మాలు జరిగినాయి. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆపిన పదిహేను నెలల గురించి ఎవరూ ప్రసంగం చేయరు. నాకు ఆ ఆపడమే గొప్పగా తోస్తుంది.

కాబట్టి మన పద్ధతి ఇట్లా ఉండాలి: గడపలో కూడు పెట్టేటప్పుడు ప్రార్థన వద్దు, కరపత్రం వద్దు, ఫొటో వద్దు. కులం, మతం అడగడం అసలే వద్దు. సుగ్గికి పోయిన ఇల్లా, కాదా, అంతవరకే. వాళ్లంతట వాళ్లు ప్రార్థించమంటే అప్పుడు వేరు.

మూడోది ఎవరూ పైకి అనలేదు, నాకు నేనే వేసుకున్న ప్రశ్న. ఉపవాస కూడికకు వచ్చేవాళ్లలో సగం మంది కూలివాళ్లే. ఆ కోడికూర వాళ్లకు ఆ నెలలో ఒక్కసారి దొరికే ముక్క కావచ్చు. జీతం తీసుకున్న టీచరమ్మ వచ్చి మీ విస్తరి తీసేయమంటే ఎట్లుంటుంది? అందుకని స్పష్టంగా రాస్తున్నాను. తినకుండా ఇంటికి పొమ్మనేది నావంటి పెన్షనుదార్లను, ఉద్యోగస్తులను, కమిటీ పెద్దలను, వక్తలను. కూలి చేసుకొని వచ్చినవాళ్లు, చూలాలు, బాలింతలు, షుగరు మాత్ర వేసుకునేవాళ్లు కూర్చొని కడుపునిండా తినాలి. కతోలికుల నియమంలో కూడా 18 ఏండ్లు నిండనివాళ్లకు, 59 దాటినవాళ్లకు ఉపవాసపు కట్టడి లేదు. ఉపవాసం ఉండలేనివాళ్ల చేత ఉపవాసం చేయించడం పాపమో కాదో నాకు తెలియదు, అన్యాయం మాత్రం అవును.

ఖర్చు సంగతి. ఒక్కొక్కరు ఒక పూట మానితే ఇంచుమించు 150 గ్రాముల బియ్యమో జొన్నలో మిగులుతాయనుకుందాం. నలుగురున్న ఇంట్లో ఏడు శుక్రవారాలకు నాలుగు కిలోలు దాటుతుంది. మానగలిగిన ఇండ్లు అరవై ఉన్న సంఘమైతే 250 కిలోలు. కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు పట్నం గుళ్లకు ఇది లెక్కలోది కాదు. ఇబ్బంది ఎక్కడంటే, మానగలిగిన ఇండ్లు పట్నంలో ఉన్నాయి, మిగిలిపోయిన ముసలివాళ్లు పల్లెలో ఉన్నారు. కాబట్టి ఒక్కొక్క పట్నం సంఘం పడమటి మండలాల్లో ఒక్క పల్లె సంఘాన్ని ఏడు వారాలకు జత పట్టుకోవాలి. సరుకు, డబ్బు పట్నం నుంచి. వంట, పంపకం పల్లెవాళ్లది. ఏ గడపలో ఎవరున్నారో వాళ్లకే తెలుసు, పట్నంవాళ్లు పోయి పెత్తనం చేయొద్దు. సరుకు ఇచ్చినాం కదా అని వేదిక మీద శాలువా అడగొద్దు.

యవనస్థులకు ఒక మాట. మట్టలాదివారం ఈతమట్టలు పట్టుకొని మోటారు బైకుల ర్యాలీ తీస్తారు, చూడడానికి బాగుంటుంది. అవే బైకులు ఈ ఏడు శుక్రవారాలు మధ్యాహ్నం రెండు గంటలు కావాలి. సంగటి చల్లారితే గట్టిపడి ముసలివాళ్ల గొంతు దిగదు, అందుకని వండిన అరగంటలో గడపకు చేరాలి. రోడ్డు లేని చోటికి నడిచే పోవాలి. పోయినప్పుడు బిందె ఖాళీగా ఉంటే నీళ్లు పట్టి పెట్టండి. ఫోనులో గుంటూరులో ఉన్న కొడుక్కో, కువైటులో ఉన్న కూతురికో కలిపి రెండు నిమిషాలు మాట్లాడించండి.

ఫిబ్రవరి 7 ఆదివారం ఆరాధన అయినాక ఏ సంఘానికి ఆ సంఘం కూర్చొని తేల్చుకుంటే బాగుంటుంది. అన్ని గుళ్లూ ఒక్క ఏడాదిలో మారతాయని నేననుకోను. మా గుడిలో ఇప్పటికి పదకొండు ఇండ్లవాళ్లం ఒప్పుకున్నాం. నేను జత అడగబోయేది ఆదోని అవతలి ఆ పల్లెనే. మొదటి శుక్రవారం ఫిబ్రవరి 12. జొన్నసంగటి, గోంగూర పప్పు, పిల్లలకు కోడిగుడ్డు. క్యారియర్లు తక్కువ పడుతున్నాయి. మూత గట్టిగా పట్టేది మీ ఇంట్లో ఉంటే, మూత మీద ఇంటిపేరు గీకించి, 10వ తేదీ సాయంత్రం ఆరాధనకు వచ్చేటప్పుడు తీసుకురండి.

ఇట్లు,
మీ సంఘంలో ఒక రిటైరైన టీచరు